కోళ్లను మూసి ఉంచమన్నారు. ఎలా ఉంచాలో చెప్పలేదు

2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ వార్తలు గోదావరి జిల్లాల నుండి మొదలయినాయి. తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారంలోను, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులోను కోళ్ల ఫారాలలో వ్యాధి నిర్ధారణ అయింది. తెలంగాణ తన సరిహద్దులలో ఆంధ్ర కోళ్ల లారీలను వెనక్కు పంపింది. ఆ నెల ముగిసేలోగా కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు తాలూకా కురేకుప్పలోను, చిక్కబళ్లాపురం తాలూకా వరదహళ్లిలోను అదే వ్యాధి బయటపడింది. మిగిలిన చోట్ల వ్యాధి పెద్ద మందలలో కనిపించగా, వరదహళ్లిలో చనిపోయినవి ఇళ్ల పెరళ్లలో తిరిగే కోళ్లు.

ఈ భేదం చిన్నది కాదు. ఫారానికి గేటు ఉంటుంది, కాపలా ఉంటుంది, మేత బస్తాలు నిలువ ఉంటాయి. పెరటికోడికి ఊరంతా ఇల్లే. తెల్లవారి గంప ఎత్తగానే పెంటకుప్ప, కళ్లం, పొరుగింటి అరుగు, చెరువుగట్టు తిరిగి పొద్దుగూకే వేళకు గూటికి చేరుతుంది. అటువంటి కోడిని వారాల తరబడి మూసి ఉంచమని ఆదేశం వచ్చినప్పుడు బాగేపల్లి, గౌరిబిదనూరు, చింతామణి ప్రాంతాలలోని కుటుంబాలకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఎక్కడ మూయాలి? ఏమి పెట్టాలి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పని ఆదేశం మూడు రోజులకు మించి నిలవదు.

వలయం ఒకటి, రాష్ట్రాలు రెండు

బర్డ్ ఫ్లూ నియంత్రణకు కేంద్ర ప్రభుత్వం రూపొందించి 2021లో సవరించిన కార్యాచరణ ప్రణాళిక ప్రకారం, వ్యాధి నిర్ధారణ అయిన చోటు నుండి ఒక కిలోమీటరు వరకు వ్యాధి ప్రాంతం. అందులోని కోళ్లు, బాతులు తదితర పెంపుడు పక్షులన్నింటినీ చంపి పూడ్చివేస్తారు. పెరటికోడి, ఫారం కోడి అనే తేడా లేదు. ఒకటి నుండి పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతం. అక్కడ కోళ్లను చంపరు. రాకపోకలను, అమ్మకాలను కట్టడి చేస్తారు, నమూనాలు సేకరిస్తారు. పెరటికోళ్లను బయటకు వదలవద్దని చెప్పేది ముఖ్యంగా ఈ రెండవ వలయంలోనే. ఇక్కడ కోళ్లు బతికి ఉంటాయి కనుక వాటి బాగోగుల భారం పూర్తిగా ఇంటివారి మీదనే పడుతుంది.

సరిహద్దుకు అయిదు కిలోమీటర్ల దూరంలోని ఊరిలో వ్యాధి కనిపిస్తే, పది కిలోమీటర్ల వలయంలో ఒక భాగం పక్క రాష్ట్రంలో పడుతుంది. ఆ భాగానికి ఆదేశం ఇవ్వవలసినది వేరే కలెక్టరు, వేరే పశుసంవర్ధక శాఖ, వేరే భాష. ఒకే వాగుకు ఇరువైపులా ఉన్న రెండు ఊళ్లలో ఒకచోట కోళ్లు గంపల కింద, మరొకచోట కళ్లాలలో ఉంటే ఆ కట్టడి వలన ప్రయోజనం స్వల్పం. వాగు దాటే కాకికి రాష్ట్రం తెలియదు.

భాష సంగతి మరింత ఆలోచించదగినది. కర్ణాటక వైపు ఈ వ్యాధిని ‘హక్కి జ్వర’ అని చాటుతారు. తమిళనాట ‘పఱవై కాయ్చల్’ అంటారు. రెంటికీ పక్షుల జ్వరమనే అర్థం. ఇంట తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పిల్లలకు ఆ మాట అర్థమవుతుంది. ఇంటి పట్టున ఉండి కోళ్లను చూసుకునే అవ్వకు ‘హక్కి’ అంటే చెట్టు మీది పిట్ట. తన కోడి కాదు. దానికి తోడు కోళ్లకు ఏటా వచ్చే రాణిఖేత్ వ్యాధిని తెలుగులోను, కన్నడంలోను కూడా కొక్కెర పేరుతోనే పిలుస్తారు. కోళ్లు వరుసగా చనిపోతే ఇరువైపులా పెద్దలు ముందు అనుకునేది ఆ కొక్కెర తెగులనే. పైకి కనిపించే లక్షణాలు చాలవరకు ఒకటే కావడంతో ఆ పొరపాటు సహజం. తేల్చి చెప్పగలిగినది ప్రయోగశాల పరీక్ష మాత్రమే; ఆ తుది నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ సంస్థలో జరుగుతుంది.

కోడి స్వభావం తెలియని కట్టడి

మూసి ఉంచిన కోడి ఎందుకు గోల చేస్తుంది? ఆకలి ఒక్కటే కారణం కాదు. కోడి పగటి వేళలో అధికభాగం కాలితో నేల గీరుతూ, ముక్కుతో పొడుచుకుంటూ గడుపుతుంది. కడుపు నిండినా ఆ పని ఆపదు. పొడిమట్టిలో పొర్లి రెక్కలు దులుపుకొంటుంది. ఈకల మధ్య పేలు, గోమార్లు రాలేది ఆ పొర్లుడు వలననే. రాత్రి ఎత్తయిన చోట కాళ్లు ముడుచుకొని కూర్చోవాలనుకుంటుంది. మందలో ఏది ముందు తినాలి, ఏది వెనుకకు తగ్గాలి అనే వరుస ఉంటుంది. ఈ నాలుగింటినీ ఒకేసారి నిలిపివేసి గంప కింద కుక్కితే, గీరడానికి నేల దొరకని కోడి పక్క కోడి ఈకలను పొడుస్తుంది. రక్తం కనిపిస్తే మిగిలినవన్నీ అక్కడే పొడుస్తాయి. పెట్టలు గుడ్లు ఆపుతాయి, పెట్టిన గుడ్డును తామే పగులగొట్టి తింటాయి. ఇది చూసిన ఇల్లాలు నాలుగవ నాటి సాయంత్రం గంప ఎత్తివేస్తుంది. దానిని ఆదేశ ధిక్కారం అనడం తేలిక. ఆదేశంలోని లోపమని ఒప్పుకోవడమే న్యాయం.

కోడి లోపల నెమ్మదిగా ఉండేటట్లు చేయడం ముద్దుకు చేసే పని కాదు. నెమ్మదిగా ఉన్న కోడే లోపల నిలుస్తుంది. అది లోపల నిలిచినప్పుడే వ్యాధి కట్టడి నిజమవుతుంది.

పల్లెలో ఉన్న వస్తువులతోనే

దీనికి కొత్తగా కొనవలసినవి కొద్ది. గంప రాత్రికి, పిల్లల కోడికి సరిపోతుంది. పగలంతా పెద్ద కోళ్లను ఉంచడానికి పనికిరాదు. పగటి బందోబస్తుకు కోడికి మూడు నాలుగు చదరపు అడుగుల చోటైనా కావాలి. పది కోళ్లకు పశువుల కొట్టంలో ఒక మూల, లేదా ఇంటి గోడకు ఆనించి కందికట్టెతోనో వెదురుతోనో కట్టిన దడి చాలు. అయితే పైకప్పు తప్పనిసరి. వ్యాధి కాకుల, కొంగల, వలస బాతుల రెట్టతో వస్తుంది కనుక తెరచిన దడి ఎంత ఎత్తు ఉన్నా రక్షణ కాదు. కప్పుకు తాటాకు, కొబ్బరిమట్ట, బోదగడ్డి ఏదైనా సరే. పక్కలకు పాత చేపల వలనో, దోమతెరనో బిగిస్తే పిచ్చుక కూడా దూరదు, గాలి మాత్రం ఆడుతుంది. ఇనుపరేకు కప్పు మాఘమాసంలో బాగానే ఉన్నట్లు కనిపించినా ఫాల్గుణం దాటేసరికి లోపల కోళ్లు నోరు తెరిచి రొప్పుతాయి. రేకు తప్ప గతి లేకపోతే దాని మీద గడ్డి పరచి, పక్కలకు తడి గోనెపట్టాలు వేలాడదీయాలి.

నేల మీద జానెడు మందాన వేరుశనగ పొట్టు గాని, వరి ఊక గాని పరిస్తే అదే కోళ్లకు పెంటకుప్ప అవుతుంది. రాగులు, నూకలు, సజ్జలు గిన్నెలో పెట్టక ఆ పొట్టులో చల్లాలి. గిన్నెలో పెడితే కాసేపటిలో ముగిసే మేత కోసం అవి పూటంతా గీరుతాయి. ఒకేసారి కాక ఉదయం కొంత, మధ్యాహ్నం కొంత, సాయంత్రం కొంత చల్లడం మేలు. తోటకూర కట్టనో, మునగ రెమ్మనో, అవిసె కొమ్మనో కోడి మెడ ఎత్తితే అందేటంత ఎత్తున వేలాడదీస్తే పొడుచుకోవడానికి వాటికి ఒక వస్తువు దొరుకుతుంది; ఒకదానినొకటి పొడుచుకోవడం తగ్గుతుంది. ఆ ఆకు చెరువుగట్టుది కాకూడదు. ఇంటి దొడ్డిదై, కడిగినదై ఉండాలి.

పాత ఇనుప తట్టలో పొడిమట్టి, పొయ్యి బూడిద కలిపి మూలన పెడితే పొర్లడానికి చాలు. బూడిద చల్లారి, పొడిగా ఉండాలి. మోకాటి ఎత్తున ఒక వెదురు కర్రను అడ్డంగా కడితే రాత్రి దాని మీద కూర్చుంటాయి. గుడ్డు పెంకులను కాల్చి పొడిచేసి మేతలో కలిపితే సున్నపు లోటు తీరుతుంది. పచ్చి పెంకులు వేస్తే గుడ్డు తినే అలవాటు పడే ప్రమాదం ఉంది. దడి లోపల వెలుతురు ఉండాలి. చీకటి మూలన ఉన్న పెట్ట గుడ్లు పెట్టదు. నీరు బోరుదో, కుళాయిదో కావాలి. చెరువు నీరు, వాగు నీరు పెడితే మూసి ఉంచిన ఫలితమే పోతుంది. రెండు పుంజులను ఒక దడిలో ఉంచరాదు. బాతులున్న ఇంట వాటిని వేరుగా మూయాలి. బాతు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వ్యాధిని మోయగలదు. పొరుగింటి కోళ్లను తెచ్చి ఒకే దడిలో కలిపితే చోటు కలిసి వస్తుందని తోస్తుంది గాని, కొత్త మందలో వరుస తేలేదాకా పోట్లాటే. పైగా ఒక ఇంటి వ్యాధి రెండు ఇళ్లకు చేరుతుంది.

దడి గుమ్మం వద్ద ఒక జత చెప్పులు విడిగా ఉంచి వాటితోనే లోపలికి వెళ్లడం, గడప ముందు సున్నం చల్లడం, బయటకు రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం అన్నింటికన్నా చవక అయిన జాగ్రత్తలు. సంతల వెంట తిరిగి కోళ్లు కొనే బేరగాళ్ల గంపలను, త్రాసులను పెరట్లోకి రానీయరాదు.

మేత లెక్క ఎవరిది?

తిరిగే కోడి తన కడుపు తానే నింపుకుంటుంది. పురుగు, గింజ, మెతుకు, గడ్డిపరక అన్నీ దానికి ఊరే పెడుతుంది. మూసిన నాటి నుండి ఆ ఖర్చు ఇంటిది. ఎదిగిన నాటుకోడి రోజుకు ఎనభై నుండి నూరు గ్రాముల మేత తింటుందనుకుంటే పది కోళ్లకు రోజుకు కిలో, నెలకు ముప్పై కిలోలు. రేషను బియ్యం మీద బతికే ఇంటికి అది చిన్న మూట కాదు. అదే సమయంలో అమ్మకం ఆగిపోతుంది, గుడ్లు తగ్గుతాయి. పిల్లవాడి నోటుపుస్తకానికి, అవ్వ మందుబిళ్లలకు, స్వయం సహాయక సంఘం కంతుకు ఆడవారి చేతిలో ఆడే డబ్బు చాలా ఇళ్లలో ఈ కోళ్లదే. ఉగాది మరునాటి వర్షతొడకుకు అమ్ముదామని పెంచిన పుంజులు అమ్మకం లేక మేత తింటూ కూర్చుంటాయి. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. వరదహళ్లి వార్తకు అది సుమారు నెల తరువాత.

ప్రభుత్వ పరిహారం చంపిన కోళ్లకు, ధ్వంసం చేసిన గుడ్లకు, మేతకు వర్తిస్తుంది. దానిని కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరిస్తాయి. నిఘా ప్రాంతంలో కోళ్లను మూసి పోషించిన ఇంటి ఖర్చు ఆ లెక్కలోకి రాదు. ఆంక్షలు ఉన్నంత కాలం ఇంటికి ఒక మేత బస్తా, ఒక వల ముక్క ఇచ్చినా, వలయం విస్తరించి మరిన్ని ఊళ్ల కోళ్లను చంపవలసి వచ్చినప్పుడు అయ్యే వ్యయంతో పోలిస్తే అది తక్కువే అవుతుంది.

దాచినందువల్ల నష్టమే

మరొక చిక్కు భయం. పశువైద్యుడికి చెబితే ఊరి కోళ్లన్నీ పోతాయని, ఇరుగుపొరుగు తిట్టిపోస్తారని చనిపోయిన కోడిని రాత్రికి రాత్రి వాగులో పారవేసే వారున్నారు. పందెం పుంజును సరిహద్దు దాటించి బంధువుల ఇంట దాచేవారూ ఉన్నారు. ఈ రెండూ వ్యాధిని కొత్త ఊరికి మోసుకుపోయే దారులే. పరిహారపు నియమం చూసినా దాచడం నష్టమే. ప్రభుత్వం చంపిన కోడికే సొమ్ము. వ్యాధితో అంతకు ముందే చనిపోయిన కోడికి లేదు. ఆలస్యమయిన కొద్దీ పరిహారం అందే కోళ్లు తగ్గుతాయి. నిన్నటి దాకా తిరిగిన కోళ్లు హఠాత్తుగా ఒకదాని వెంట ఒకటి పడిపోయినా, జుట్టు నల్లబడి తల వాచినా తాకకుండా కబురు చేయాలి. కొక్కెర తెగులుకు వేళకు టీకా వేయించిన ఇంట అనుమానం తేలడం కూడా సులభం.

పిల్లల సంగతి మరువరాదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించింది. కారణం హెచ్5ఎన్1 అని పుణేలోని వైరాలజీ సంస్థ పరీక్షలో తేలింది. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని వార్తలు వచ్చాయి. మనుషులకు ఈ వ్యాధి సోకడం అరుదు. డెబ్భై డిగ్రీల వేడిలో బాగా ఉడికిన మాంసానికి, గుడ్డుకు భయం లేదు. కాని కోడిపిల్లను ఒడిలో పెట్టుకొని ఆడుకునే వయసు పిల్లలను దడి లోపలికి పంపకుండా ఉండడం, కోసేచోట వారిని నిలబెట్టకుండా ఉండడం పెద్దల బాధ్యత.

వలస పక్షులు ప్రతి శీతాకాలం మన చెరువులకు వస్తాయి. 2006లో మహారాష్ట్రలోని నవాపూరులో దేశంలో తొలిసారి కనిపించిన ఈ వ్యాధి ఆ తరువాత ఎన్నో రాష్ట్రాలను చుట్టింది. ఇకముందు రాదని చెప్పే వీలు లేదు. కనుక చలికాలం మొదలు కాకముందే సరిహద్దు జిల్లాల ఇరువైపుల అధికారులు ఒకచోట కూర్చొని ఒకే ప్రకటనను రెండు భాషలలో సిద్ధం చేయాలి. అందులో ‘కోళ్లను మూసి ఉంచండి’ అన్న వాక్యం తరువాత దడి ఎలా కట్టాలి, మేత ఎలా చల్లాలి, ఏ నీరు పెట్టాలి, ఎవరికి కబురు చేయాలి అన్న నాలుగు వాక్యాలు ఉండాలి. దానిని పంచాయతీ గోడకు అంటించి ఊరుకోక, పెరట్లో కోళ్లకు నూకలు చల్లే అవ్వకు ఆమె భాషలో చదివి వినిపించాలి.