కారుకి కొత్త చెప్పులు.. 24 వేలల్లో!

'అన్నా, నా పోలో ముందు టైర్లు రెండూ గుండైపోయినాయి. చేతిలో 24 వేలుండాయి. ఎట్లా మార్చాలి గదా, పదహారించుల అలాయ్‌లు ఏసేద్దామా?'

వడమాలపేట నుంచి ఓ తమ్ముడు ఏప్రిల్‌లో పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఇది. కింద మెరిసిపోతున్న అలాయ్ వీల్స్ ఫొటో ఒకటి. దాని కింద గుండెలున్న ఎమోజీలు నాలుగు.

కారు 2016 మోడల్ పోలో జీటీ టీఎస్ఐ. సెకండ్ హ్యాండ్. ఆ బండి గురించి తెలియని కార్ల పిచ్చోళ్లు మనలో ఉండరు. 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, 105 హార్స్‌పవర్, చిన్న ఒళ్లు. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆపేశారు కాబట్టి ఇప్పుడు దొరికేదంతా పాతదే. ఫెరారీ కొనలేని మనకి ఇదే స్పోర్ట్స్ కారు. కొనేదాకా ఈఎంఐ లెక్క, కొన్నాక టైర్ల లెక్క!

నేను తిరుపతి నుంచి పుత్తూరు వైపు పోయే పని పడింది. దారిలో వడమాలపేటలో ఆగి, టీ తాగుతూ కారు చూశా. ముందు టైర్లు నిజంగానే గుండు. వెనకవి మాత్రం గాట్లన్నీ బాగానే ఉన్నాయి, చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి. 'వెనకవి సూపరన్నా, వాటి జోలికి పోనక్కర్లా' అన్నాడు.

వంగి టైరు పక్క గోడ మీద చూశా. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గీత లోపల నాలుగంకెలు: 1716.

'ఇదేం నంబరు?' అన్నాడు.

'నీ టైరు పుట్టినరోజు. 2016లో పదిహేడో వారం.'

వాడి ముఖంలో టీ చల్లారిపోయింది.

గాట్లు ఉంటే సరిపోదు

ఫోన్ పక్కన పెట్టి ఇప్పుడే మీ బండి దగ్గరికి పోయి చూడండి. టైరు మీద 'డాట్' అనే అక్షరాల వరసలో చివరి నాలుగంకెలే తయారీ తేదీ. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఒక పక్క కనిపించకపోతే రెండో పక్క ఉంటుంది.

రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండ, వేడి, గాలిలోని ఓజోన్ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. పక్క గోడల మీద వెంట్రుక వాసి పగుళ్లు వస్తాయి. ఐదారేళ్లు దాటిన టైరుని ఏటా చూపించుకోవాలి. పదేళ్లయితే గాట్లు ఎంత ఉన్నా తీసేయాల్సిందే. వీడి వెనక టైర్లు ఆ గీత దగ్గరికి వచ్చేసినాయి. గోరుతో నొక్కితే గట్టిగా పాత చెప్పు అట్టలా ఉన్నాయి. లోపల సన్నటి పగుళ్లు. పాత ఓనరు కారు ఎక్కువ తిప్పలేదు, ఎండలో నిలబెట్టాడు. అంతే.

ఇక అరుగుదల సంగతి. గాట్ల లోపల అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పై రబ్బరు అరిగి దిమ్మెతో సమానమైతే చట్టప్రకారం కూడా ఆ టైరు పని అయిపోయినట్టే. కానీ అంతవరకూ ఆగొద్దు. 3 మిల్లీమీటర్ల కిందికి వచ్చాక వానలో పట్టు బాగా తగ్గిపోతుంది.

'ఈ టైర్లతోనే పోయిన నెల అమ్మను తిరుత్తణి తీసుకుపోయినా అన్నా' అన్నాడు వాడు నెమ్మదిగా. 'నగరి దాటినాక 120 కూడా కొట్టినా.'

మేమిద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

'సమ్మర్ టైరు' అంటే ఏందబ్బా?

యూట్యూబ్‌లో యూరప్ వాళ్లు 'సమ్మర్ టైర్లు', 'వింటర్ టైర్లు' అంటుంటారు. అక్కడ 7 డిగ్రీల కంటే కిందికి పోతే మామూలు రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. అందుకని చలికాలానికి మెత్తటి రబ్బరుతో వేరే జత. మనకి ఆ బాధ లేదు. లంబసింగిలో మంచు పడిన రోజు తప్ప ఏడు డిగ్రీల మాట మనం వినం. మన షాపుల్లో అమ్మే కారు టైర్లు దాదాపు అన్నీ వేడి దేశం కోసం చేసినవే. కాబట్టి 'సమ్మర్ స్పెషల్' అని ఎవరైనా ఎక్కువ అడిగితే నవ్వి ఊరుకోండి.

ఇంకో మాట. సమ్మర్ టైరు అంటే ఎండకే కాదు, వానకి కూడా. మన తిరుపతి జిల్లాకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైపోయి, తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడిన రోజులు గుర్తున్నాయా? మే నెల ఎండకి నిలబడాలి, కార్తీకం వానకి నిలబడాలి. రెండూ చేసే టైరు కావాలి మనకి.

మూడు దార్లు, ఒకటే జేబు

వాడి దగ్గర మూడు కొటేషన్లున్నాయి.

మొదటిది ఆ ఎమోజీల బేరం. పదహారించుల సెకండ్ హ్యాండ్ అలాయ్‌లు, వాటికి 205/55 ఆర్16 సైజు వాడిన టైర్లు. అన్నీ కలిపి సరిగ్గా 24 వేలు.

రెండోది, మెత్తటి రబ్బరు స్పోర్ట్ టైర్లు. ఒక్కోటి తొమ్మిది వేలు. ముందుకి రెండు, వెనకవి పాతవే.

మూడోది, పాత సైజులోనే మధ్యరకం దేశీ కంపెనీ టైర్లు నాలుగు. ఒక్కోటి 5,300.

మొదటిదాని లెక్క చూద్దాం. వాడి అసలు సైజు 185/60 ఆర్15. అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 111 మిల్లీమీటర్లు. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. పైనా కిందా గోడలు కలిపితే మొత్తం ఎత్తు 603 మిల్లీమీటర్లు. ఇప్పుడు 205/55 ఆర్16 లెక్కేస్తే దాదాపు 632 వస్తుంది. దాదాపు ఐదు శాతం పెద్దది!

దాని వల్ల ఏమవుతుంది? స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది. పాత చక్రంతో 100లో పోయేచోట ఇప్పుడు ముల్లు అక్కడే ఉన్నా బండి 105 దరిదాపుల్లో ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే, లేదా వెనక నలుగురు కూర్చుంటే, టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునే అవకాశం ఉంది. చక్రం బరువెక్కి పికప్ కూడా మందగిస్తుంది. స్పోర్ట్స్ కారుని మనమే డబ్బులిచ్చి నిదానం చేసుకున్నట్టు! సైజు మార్చాలనే ఉంటే మొత్తం ఎత్తులో తేడా రెండు శాతం దాటకుండా చూసుకోండి. ఇదే రిమ్ముకి 195/55 ఆర్15 వేస్తే తేడా ఒక శాతం కంటే కాస్త ఎక్కువ, అంతే.

పైగా అవి వాడిన టైర్లు. లోపల తీగలు తెగాయో లేదో, ఏ గుంటలో పడి లేచాయో పైకి కనిపించదు. అరిగినదానికి గాట్లు కోసి, నల్ల పాలిష్ కొట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. రిమ్ము సెకండ్ హ్యాండ్ అయితే చూసి కొనుక్కోవచ్చు. టైరు మాత్రం వద్దు తమ్ముడూ. పక్కనే పుత్తూరు కట్టు ఉందిలే అని ధైర్యం చేసే విషయం కాదిది.

కొత్తవి రెండే అయితే ముందా, వెనకా?

రెండో బేరం దగ్గర వాడు గట్టిగా పట్టుబట్టాడు. 'ఫ్రంట్ వీల్ డ్రైవ్ గదన్నా, లాగేది ముందు చక్రాలే. మంచివి ముందుకేస్తే చాలు గదా?'

చాలామంది ఇట్లాగే అనుకుంటారు. కానీ కొత్తవి రెండే కొంటే అవి వెనక్కి వేయాలి. ఏ డ్రైవ్ అయినా సరే.

ఎందుకంటే, తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి తిరగకుండా నేరుగా పోతుంది. స్టీరింగ్‌లో మీకు తెలుస్తుంది. కాలు తీస్తే వేగం తగ్గి పట్టు మళ్లీ దొరుకుతుంది. వెనక టైర్లు జారితే? బండి వెనక భాగం పక్కకి వచ్చి గింగిరాలు తిరుగుతుంది. మామూలు డ్రైవరు సర్దుకునేలోపే అయిపోతుంది. వీడు చేయబోయింది సరిగ్గా అదే. ముందు జిగురులా పట్టే టైర్లు, వెనక తొమ్మిదేళ్లు దాటిన అట్టముక్కలు. భాకరాపేట ఘాట్‌లో వాన పడుతుండగా బ్రేక్ మీద కాలేసి మలుపు తిప్పితే ఏమయ్యేదో ఆలోచిస్తేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకా, మెత్తటి రబ్బరు పట్టు బాగా ఇస్తుంది కానీ త్వరగా అరుగుతుంది. కొన్ని టైర్ల మీద 'ట్రెడ్‌వేర్' అని అంకె ఉంటుంది. 200 అంటే మెత్తన, 400 అంటే ఎక్కువ కాలం వస్తుంది అని స్థూలంగా అనుకోవచ్చు. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చుకోడానికి ఇది పనికొస్తుంది. రోజూ తిరుపతిలో ఉద్యోగానికి పోయొచ్చే వాడికి 200 అంకె టైరు జేబుకి చిల్లు.

షాపులో ఏం అడగాలి?

మిగిలింది మూడో దారి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సైజు. మధ్యరకం అంటే తక్కువరకం కాదు. కారు టైర్లు మన ఇంటి పక్కనే తయారవుతున్నాయి. వరదయ్యపాళెం మండలం చిన్నపాండూరులో అపోలో ఫ్యాక్టరీ 2020 నుంచి నడుస్తోంది. 2020 జూన్‌లో కేంద్రం విదేశీ టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టాక బయటి స్పోర్ట్ టైర్లు కొన్ని సైజుల్లో దొరకడమే కష్టమైంది. దేశంలో తయారయ్యేవాటిలో మంచిది ఏరుకోవడమే తెలివి.

కొనేముందు ఇవి చూడండి:

ఐఎస్ఐ గుర్తు ఉండాలి.

తయారీ తేదీ ఆర్నెల్లలోపు ఉంటే మేలు. నాలుగింటి మీదా చూడండి. ఒక్కటి మాత్రం పాతది కలిపేసే అవకాశం ఉంది.

సైజు పక్కన ఉండే అంకె, అక్షరం కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది. 'టీ' అంటే గంటకి 190 కిలోమీటర్ల వేగం వరకు, 'హెచ్' అంటే 210 వరకు తట్టుకుంటుంది. ఆ వేగంలో పొమ్మని కాదు, వేడిని తట్టుకునే శక్తికి అది కొలత.

బిల్లులో జీఎస్టీ చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత రేటు కాగితం పట్టుకొచ్చి చదివితే ఒప్పుకోవద్దు.

వీడి లెక్క ఇట్లా తేలింది. టైర్లు నాలుగు 21,200. కొత్త వాల్వులు, బిగింపు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కలిపి 1,600. మొత్తం 22,800. మిగిలిన 1,200లో గాలి కొలిచే గేజీ ఒకటి కొనిపించా. అలాయ్‌ల కంటే అదే పెద్ద యాక్సెసరీ అని చెప్తే నవ్వాడు.

ఎండాకాలం గాలి తగ్గించాలా?

ఈ మాట మన పంచర్ షాపుల దగ్గర ఎప్పుడూ వినిపిస్తుంది: 'ఎండలు మండిపోతా ఉండాయి, గాలి తగ్గించి కొట్టించుకో.' తప్పు. పూర్తిగా తప్పు.

పొద్దున్నే 30 డిగ్రీల దగ్గర 33 పాయింట్లు గాలి పట్టారనుకోండి. మధ్యాహ్నం హైవే మీద పోయి లోపలి గాలి 60 డిగ్రీలకి చేరితే గేజీ 37, 38 చూపిస్తుంది. అది మామూలే. టైరు తయారుచేసేటప్పుడే ఆ లెక్క వేసుకుంటారు. మీరు భయపడి దాన్ని మళ్లీ 33కి దించారా, మర్నాడు పొద్దున చల్లారాక 29కి పడిపోతుంది. గాలి తగ్గిన టైరు పక్క గోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది. వంగిన కొద్దీ వేడి పుడుతుంది. ఆ వేడికే టైరు పేలేది! ఎక్కువ గాలి కంటే తక్కువ గాలి, ఎక్కువ వేగం, ఎక్కువ బరువు.. ఈ మూడూ కలిసినప్పుడే ప్రమాదం.

కాబట్టి పదిహేను రోజులకోసారి, పొద్దున్నే, బండి కదలకముందు కొలవండి. ఎంత ఉండాలో డ్రైవరు డోరు దగ్గరో, పెట్రోలు మూత లోపలో స్టిక్కరు మీద ఉంటుంది. నైట్రోజనే కావాలని తిరగక్కర్లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. కొత్త టైర్లు వేయించాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, పై పూత పోయేదాకా పూర్తి పట్టు రాదు.

బైకుల తమ్ముళ్లూ, మీక్కూడా ఇదే మాట. 140 ఉన్నచోట 150 వేస్తే ఫొటో బాగుంటుంది, మలుపులో బండి వాలడం మాత్రం మొండికేస్తుంది.

చివరికి..

మొన్న ఆడికృత్తికకి వాడు మళ్లీ అమ్మను తిరుత్తణి తీసుకుపోయాడు. దారిలో కుండపోత వానట. ముందు పోయే లారీ ఉన్నట్టుండి ఆగింది. 'బ్రేక్ కొట్టినా అన్నా. బండి గీత గీసినట్టు నిలబడింది. అమ్మకి మెలకువ కూడా రాలా' అన్నాడు ఫోన్‌లో.

కాసేపాగి మళ్లీ అన్నాడు: 'అలాయ్‌లు మాత్రం వచ్చే సంవత్సరం చూద్దామన్నా.'

చూద్దాంలే తమ్ముడూ. పదిహేనించులవే చూద్దాం. నేల మీద బండిని పట్టి ఉంచేది నాలుగు టైర్లు, ఒక్కోటి అరచేయంత మేర. డబ్బు తక్కువైనప్పుడు ముందు ఆ నాలుగు అరచేతులకీ ఖర్చు పెడదాం. మెరుపులు తర్వాత.