బయానా కట్టినవారికి బేరం రద్దు చేసుకునే హక్కు కావాలి

ఆత్మకూరు, నందికొట్కూరు లాంటి ఊళ్లలో ఇల్లు కొనేవాళ్లు ముందు బయానా ఇచ్చి, ఆ తర్వాత కాగితాలు చూసుకుంటారు. ఈ తలకిందుల పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వమే సరిదిద్దాలి. రిజిస్ట్రేషన్‌కు ముందు కొనేవారు నష్టపోకుండా తప్పుకునేందుకు చట్టంలో గడువు పెట్టాలి. ఆ గడువు తీరేదాకా అడ్వాన్సు అమ్మేవారి చేతికి పోకుండా బ్యాంకులో ఉండాలి.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. మధ్యవర్తి ఇంట్లో బేరం కుదురుతుంది. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాస్తారు, ఇద్దరు సాక్షులు సంతకం పెడతారు, రెండు మూడు లక్షలు చేతులు మారతాయి. మూడు నెలల్లో మిగతా సొమ్ము కట్టకపోతే బయానా పోయినట్టేనని అందులో ఒక వాక్యం ఉంటుంది. తీరా ఇంటి లోన్‌కు వెళ్లాక బ్యాంకు వకీలు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. ఒక లింకు దొరకదు. లేదంటే ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో కనబడుతుంది. లోన్ రాదు, గడువు మాత్రం ఆగదు. కాగితాలు చూసుకోకుండా బయానా ఎందుకిచ్చావని అమ్మినాయన ఎదురు ప్రశ్నిస్తాడు. కూతురి పెళ్లికి దాచిన డబ్బో, పొలం అమ్మిన డబ్బో అలా ఇరుక్కుపోతుంది.

అసైన్డ్ భూముల విషయంలో చిక్కు మరీ ఎక్కువ. వాటి అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు నిండితే అసలు పట్టాదారులకు 2023 సవరణ వెసులుబాటు ఇచ్చినా, ఏది అమ్మదగ్గదో ఏది కాదో రికార్డులు తీస్తే గానీ తేలదు.

హక్కు అసలే లేదనలేం. యాజమాన్యంలో లోపం ఉంటే అమ్మేవారు ముందే చెప్పాలని 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. న్యాయమైన కారణంతో తప్పుకున్న కొనుగోలుదారు బయానాకు ఆ ఆస్తి మీదే పూచీ కల్పించింది కూడా. కానీ దాన్ని రాబట్టుకోవాలంటే సివిల్ కోర్టులో ఏళ్లు తిరగాలి. రెండు లక్షల కోసం అంత ఓపిక, అంత ఖర్చు పెట్టగలిగేది ఎవరు?

2016 రెరా చట్టం వెంచర్లకు, అపార్ట్‌మెంట్లకు కొంత అడ్డుకట్ట వేసింది. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి వసూలు చేయకూడదు. కొన్నవాళ్ల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. చెప్పిన తేదీకి ఇల్లు అప్పగించకపోతే వడ్డీతో సహా తిరిగి ఇవ్వాల్సిందే. ఆ హక్కుకు షరతుల్లేవని సుప్రీంకోర్టు 2021 నవంబరులో న్యూటెక్ కేసులో తేల్చిచెప్పింది. అయితే 500 చదరపు మీటర్లు, అంటే సుమారు పన్నెండు సెంట్లు దాటని లేఅవుట్‌కు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒకాయన ఇంకొకాయనకు అమ్మే పాత ఇల్లు దాని పరిధిలోకే రాదు. చిన్న ఊళ్లలో సాగే బేరాలు చాలావరకు ఇవే.

కాలిఫోర్నియాలో ఇల్లు కొనే తెలుగువాళ్లకు ఈ బెంగ తక్కువ. అక్కడ అడ్వాన్సు ఎస్క్రో సంస్థ దగ్గర ఉంటుంది. ఇంటి తనిఖీకి, లోన్‌కు ఒప్పందంలో పెట్టుకున్న గడువులోపు వద్దనుకుంటే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. ఫ్రాన్స్‌లో ఇల్లు కొనేవారు కారణం చెప్పకుండానే పది రోజుల్లో తప్పుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఐదు పనిదినాలు ఉంటాయి, వదులుకోవాల్సింది ధరలో పావు శాతమే.

కొనేవాళ్లు ఊరికే మాట మారిస్తే అమ్మేవాళ్ల గతేమిటన్నది న్యాయమైన ప్రశ్న. కారణం లేకుండా తప్పుకుంటే పావు శాతం అమ్మేవారికి దక్కాలి. కాగితాల్లో లోపం తేలితే మాత్రం రూపాయి కూడా పోకూడదు.

ఇందుకు కొత్త యంత్రాంగం అవసరం లేదు. ఉమ్మడి రాష్ట్రం రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి 1999 నుంచే అమ్మకపు అగ్రిమెంట్ల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. ఖర్చుకు జంకి జనం స్టాంపు కాగితంతో సరిపెట్టుకుంటున్నారు. ప్రభుత్వం ఆ ఫీజును నామమాత్రం చేయాలి. అగ్రిమెంటు రాసిన రోజే సబ్ రిజిస్ట్రార్ ఈసీని, 22ఏ వివరాలను దానికి జతచేయాలి. బ్యాంకు లీగల్ ఒపీనియన్ వచ్చేదాకా, కనీసం ముప్పై రోజులు, బయానా ఇద్దరి పేర్లతో ఉన్న ఖాతాలో ఉండాలి. శాసనసభ వచ్చే సమావేశాల్లోనే ఈ సవరణ తేవాలి.