మన గంట రేటూ, ఒక చెక్క డబ్బా

మన ఐటీ జనాలకు ఒక జబ్బుంది. ఏ పనైనా చేత్తో చేసుకుందామా అంటే చాలు, వెంటనే కాలిక్యులేటర్ తీస్తారు. "నాకు గంటకు 600 రూపాయలు పడుతుంది. ఈ పనికి 12 గంటలు. అంటే 7,200. షాపులో 5,000కే వస్తుంటే నేనెందుకు చేయాలి?" అంటారు. వినడానికి ఎంత శాస్త్రీయంగా ఉంటుందో! ఎదుటివాడు ఇక నోరు మూసుకోవాల్సిందే.

నేను మూసుకోదల్చుకోలేదు. ఈ లెక్క తప్పు. తప్పని చెప్పడానికి ఒక చెక్క డబ్బాను సాక్ష్యంగా తెస్తున్నా. కారు డిక్కీలో పెట్టుకునే సబ్‌వూఫర్ డబ్బా. పోయిన ఎండాకాలం నల్లగొండలో మా ఇంటి వెనక, వేపచెట్టు కింద చేసుకున్నది.

ముందు ఆ గంట రేటు సంగతి తేలుద్దాం. మీ శనివారం మధ్యాహ్నం గంటను 600 పెట్టి ఎవరు కొంటున్నారు సార్? కంపెనీ కొన్నది సోమవారం నుంచి శుక్రవారం దాకా (కాగితం మీద అంతే లెండి). శనివారం మీరు డబ్బా చేయకపోతే ఆ 12 గంటలకు 7,200 ఎకౌంటులో పడతాయా? పడవు. ఆ టైములో ఫోను మీద బొటనవేలు పైకీ కిందకీ ఆడిస్తుంటాం, అంతే. అసలు ఈ లెక్కే నిజమైతే పిల్లాడితో గంటసేపు ఆడుకుంటే 600 నష్టం, అమ్మతో అరగంట ఫోన్ మాట్లాడితే 300 నష్టం. అలా ఎవరైనా రాసుకుంటున్నారా? మరి రంపం పట్టుకోవాల్సి వచ్చినప్పుడే ఈ లెక్క ఎందుకు గుర్తొస్తుంది?

ఇక రెండోది. షాపులో ఆ 5,000కి మనం కొంటున్నదేమిటి? హైదరాబాదులో ఒక షాపులో నాకు చూపించిన డబ్బా మీద "1200 వాట్స్" అని వెండి అక్షరాలతో స్టిక్కరుంది. లోపలే ఆంప్లిఫయర్. దాని వెనక ఫ్యూజు చూశాను. 15 ఆంపియర్లు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళం కదా, గుణించండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టుల చిల్లర. 14 ఇంటూ 15 అంటే 210 వాట్లు. అంతకు మించి ఎక్కువసేపు లాగితే ఫ్యూజు పోతుంది. ఆ 210లో కూడా కొంత వేడిగా పోగా మిగిలిందే స్పీకరుకు వెళ్తుంది. మరి 1200 ఎక్కడి నుంచి వచ్చింది? ప్రింటింగ్ ప్రెస్సు నుంచి. ఈ మాటే అడిగితే షాపాయన "అది పీక్ పవర్ సార్" అన్నాడు. రోజూ ప్రొడక్షన్‌లో లాగ్ ఫైళ్ళు చదివి దొంగను పట్టుకునే మనం, ఒక్క ఫ్యూజు చదవకుండా కార్డు గీకేస్తాం.

వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి "రెట్టింపయింది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు కావాలి, అంటే 10 రెట్ల పవరు. స్టిక్కరు మీద నెంబరు పెంచడం తేలిక, చెవిని ఒప్పించడం కష్టం. చెవిని ఒప్పించేది ఎక్కువగా ఆ డబ్బానే. మనమేమో దాన్ని స్పీకరుకు తొడిగిన చొక్కా అనుకుంటాం.

డబ్బా లేకుండా ఊఫరును ఉత్తగా టేబుల్ మీద పెట్టి పాట వేసి చూడండి. టిక్కు టిక్కుమంటుంది తప్ప బేస్ రాదు. కోను ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. కింది స్థాయి ధ్వనులకు తరంగం మీటర్ల పొడవుంటుంది కాబట్టి ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలుసుకుని ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వెనక గాలిని బంధించడమే డబ్బా మొదటి పని. రెండో పని, బంధించిన ఆ గాలి స్ప్రింగులా కోనును వెనక్కి నెట్టడం. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ మూసిన డబ్బాలోని గాలినే స్ప్రింగుగా వాడి చిన్న పెట్టెలోంచి పెద్ద బేస్ రప్పించాడు. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో, ఆయన వెంట 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్, డబ్బా సైజును ఊహతో కాకుండా లెక్కతో తేల్చే దారి వేశారు. మంచి ఊఫరుతో వచ్చే కాగితంలో ఈ రోజుకీ ఉండేవి వాళ్ళ పేరు మీదున్న అంకెలే.

లెక్క చూడండి, ఇంటర్ పిల్లాడు చేస్తాడు. నా 10 అంగుళాల ఊఫరు కాగితంలో క్యూటీఎస్ 0.45, వీఏఎస్ 40 లీటర్లు. కోను తన ఊపును ఎంత అదుపులో పెట్టుకుంటుందో మొదటిది చెప్తుంది. కోను పట్టు ఎంత గాలి స్ప్రింగుకు సమానమో రెండోది చెప్తుంది. మూసిన డబ్బాలో శబ్దం ఎత్తుపల్లాలు లేకుండా రావాలంటే లక్ష్యం 0.707. దాన్ని 0.45తో భాగించి, వర్గం చేసి, 1 తీసేస్తే 1.468. ఆ 1.468తో 40ని భాగిస్తే 27 లీటర్లు. అయిపోయింది! ఇంతే డిజైన్. మనం రోజూ రాసే ఎస్‌క్యూఎల్ క్వెరీలో ఇంతకంటే ఎక్కువ బుర్ర పెడతాం.

లోపలి కొలతలు 40, 30, 25 సెంటీమీటర్లు పెట్టుకున్నా. 30 లీటర్లు. అందులో ఊఫరు వెనక భాగం, మధ్యలో బలానికి కొట్టిన అడ్డచెక్క కలిసి రెండున్నర లీటర్లు తినేస్తాయి. మిగిలేది మనకు కావలసిందే. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క వాడితే ఇదే డబ్బా బయట నుంచి కొలిస్తే దాదాపు 42 లీటర్లు వస్తుంది. "42 లీటర్ల బాక్స్ సార్" అని అమ్మేవాడు ఏ వైపు నుంచి కొలిచాడో అడగండి. చెక్క ఎంత పడుతుంది? 8 బై 4 షీటులో పావు వంతు కూడా పట్టదు. ఫర్నిచర్ చేసే చోట మిగిలిన ముక్కలే సరిపోతాయి.

కోతకు గడియారం సెంటర్‌కు కొంచెం అవతల ఒక వడ్రంగి అన్న దుకాణానికి పోయాను. కొలతల కాగితం చూసి మొదట "సార్, గీ తిప్పలు మీకెందుకు, నేనే కొట్టిస్త" అన్నాడు. గాలి బయటకు పోవద్దు అన్నా అని చెప్పేసరికి ఆయనకు పని మీద ఆసక్తి పుట్టింది. "గాలి పోవద్దంటే పలక జూసుడు గాదు తమ్మీ, మూలలు జూడాలె" అన్నాడు. సార్ కాస్తా తమ్మీ అయిపోయాను :) మూలమట్టం పెట్టి ప్రతి ముక్కా చూశాడు. ఎండీఎఫ్ అంచులో ముందు సన్నగా రంధ్రం వేయకుండా స్క్రూ దింపితే పొరలు విడిపోతాయని చేసి చూపించాడు. నాలుగేళ్ళ బీటెక్‌లో ఎవరూ చెప్పని పాఠం. ఊఫరుకు గుండ్రటి రంధ్రం మాత్రం జిగ్‌సా మిషన్‌తో నేనే కోసుకున్నా, ముక్కుకు గుడ్డ కట్టుకుని. ఎండీఎఫ్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, కోత ఎప్పుడూ ఆరుబయటే.

అసలు ఓపిక అడిగేది ఫినిషింగ్. అతుకుల నిండా ఫెవికాల్, పైన స్క్రూలు. ఒక్క జిగురునే నమ్ముకోవద్దు. మే నెలలో మా నల్లగొండలో 44, 45 డిగ్రీలు మామూలు, ఎండలో నిలబెట్టిన కారు లోపల ఇంకా ఎక్కువ. ఆ వేడికి తెల్ల జిగురు మెత్తబడుతుంది. లోపలి మూలలన్నిటికీ సిలికాన్ పూసి ఒక రోజంతా ఆరనివ్వాలి. ఆరకముందే ఊఫరు బిగిస్తే ఆ పుల్లటి ఆవిరి కోను అంచును పాడుచేయగలదు. కోసిన అంచులు స్పాంజిలా నీళ్ళు తాగుతాయి కాబట్టి నీళ్ళు కలిపిన ఫెవికాల్ పూసి, ఆరాక 120 నెంబరు సాండ్ పేపర్, తర్వాత 220. పైన కార్పెట్. దానికి ఎస్ఆర్ 998 రెండు వైపులా పూసి, చేతికి అంటనంత ఆరాక అప్పుడు అతికించాలి. తడిగా ఉండగా అతికిస్తే బుడగలే.

లీకు పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు. బేస్ ఉన్న పాట వేసి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట మెల్లగా తిప్పండి (కార్పెట్‌కు దూరంగా). పొగ ఎక్కడ వణికితే అక్కడ సందు. కరెంటు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. డిక్కీలో ఫ్యూజు పెట్టి, ముందు నుంచి వెనకదాకా వైరును కాపలా లేకుండా వదిలేస్తే కారు తగలబడే దారి మనమే వేసినట్టు. డబ్బాను బెల్టుతో బిగించి కట్టాలి. చెక్కే 9 కిలోల దాకా ఉంటుంది, సడన్ బ్రేకు వేస్తే అది ఆగదు.

ఇంతవరకూ బాగానే ఉంది. సాండ్ పేపర్ పడుతుండగా మా చిన్నాయిన వచ్చాడు. కాసేపు చూసి, "బీటెక్ జదివి గీ వడ్లపని జేసుడేందిరా? నౌకరి ఉన్నదా, పోయిందా?" అన్నాడు.

నవ్వొచ్చే మాటే. కానీ మన గంట రేటు లెక్కకు అసలు వేరు ఈ మాటలోనే ఉందని నా వాదన. మనం లెక్క అని చెప్పుకునేది లెక్క కాదు, నామోషీ. చేత్తో చేసేది తక్కువ పని, కూర్చుని చేసేది ఎక్కువ పని. తరాల నుంచి ఏ పని ఏ కులానిదో పంచిపెట్టుకున్న సమాజం మనది. ఆ నామోషీకి మనం ఎక్సెల్ షీటు తొడిగాం, అంతే తేడా. ఫస్టియర్ వర్క్‌షాపులో డవ్‌టెయిల్ జాయింటు చేయమంటే ఎంతమందిమి మనమే చేశాం? అటెండరు చేసిపెట్టిన ముక్కను చూపించి రికార్డు మీద సంతకం చేయించుకున్న బ్యాచ్‌లు ఎన్ని?

అదీ ఎక్కడ? పాలమూరు, నల్లగొండలలో! దేశంలో ఎన్నో ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసింది పాలమూరు కూలీలు. ఆలేరు పక్కన శారాజీపేటలో, అప్పటి నల్లగొండ జిల్లాలో, బడి మధ్యలోనే మానేసిన చింతకింది మల్లేశం, ఆసు పోయడానికి చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పి తల్లి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. ఆయన గనక మనలా మొదటి రోజే గంట రేటు వేసుకుని ఉంటే? నా డబ్బాను ఆ యంత్రంతో పోల్చడం లేదు, అంత పొగరు లేదు. లెక్క ఎంత గుడ్డిదో చెప్తున్నా.

"ఎవరి పని వాళ్ళు చేయాలి, వడ్రంగికి పని దొరకొద్దా?" అనేవాళ్ళుంటారు. మంచి ప్రశ్నే. నేనూ కోత ఆయనతోనే చేయించాను, అడిగినంత ఇచ్చాను. ఒక్కసారి మూల కలపడానికి చెమటోడ్చినవాడు ఆ తర్వాత వడ్రంగి దగ్గర వంద రూపాయలకు గీసి గీసి బేరమాడలేడు. 1200 వాట్ల స్టిక్కరుకు మారుమాట్లాడకుండా డబ్బు కట్టి, మూలమట్టం పట్టిన చేతి దగ్గర బేరం ఆడేది ఎవరంటే, ఎప్పుడూ రంపం పట్టనివాడే.

ఇంకొకరు "ఊరంతా అదరగొట్టడానికేగా ఇదంతా" అంటారు. కాదు. ఊరిని అదరగొట్టేవాటికి చట్టం ఉంది. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచీ ఉన్నాయి, ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. నాకు ఆ నిషేధం మీద ఏ పేచీ లేదు. సరిగ్గా కట్టిన 27 లీటర్ల డబ్బా అద్దాలు మూసిన కారులో మామూలు వాల్యూములోనే తబలా ఎడమచేతి గుమ్కీని గుమ్కీలా వినిపిస్తుంది. నెంబరు ప్లేటు గడగడలాడితేనే బేస్ అనుకునేవాళ్ళకు ఆ స్టిక్కరు డబ్బాలే సరి.

కాబట్టి అయ్యా, మీకు కారు పాటలు ఇష్టం లేకపోతే డబ్బా చేయకండి. నడుం నొప్పి ఉంటే చేయకండి. బద్ధకంగా ఉందా, అదీ నిజాయితీ గల కారణమే, నేను గౌరవిస్తా. కానీ దయచేసి "నా గంటకు 600" అని మాత్రం అనకండి. ఈసారి ఆ మాట నోటిదాకా వస్తే, మీ శనివారం గంటను 600కి కొనేవాడి పేరు చెప్పండి. అతను నిజంగా దొరికితే నాకూ పరిచయం చేయండి, మా చిన్నాయిన కూడా సంతోషిస్తాడు.