గణిత వినోదం: సరియా, బేసియా?

గుప్పిట చింతగింజలు పట్టుకొని "సరియా, బేసియా?" అని అడుగు ఆటను మన ఇళ్ళలో ఎరుగనివారు లేరు. ఆ చిన్న ప్రశ్నకు ఒక సమీకరణపు గుట్టు విప్పగల శక్తి కలదని ఈ మాసం పాఠకులకు మనవి చేయదలచినాము.

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువులకై తరలివచ్చిన కుటుంబాలతో ఖరగ్‌పూర్‌లో తెలుగువారి సమాజం పెరిగినది. ఆ ఊరిలో ఒకవైపు రైల్వే వర్క్‌షాపు, మరొకవైపు 1951లో హిజ్లీలో వెలసిన ఐ.ఐ.టి. రెంటి నడుమ దూరం కొద్ది కిలోమీటర్లే. కాని కార్మికుని బిడ్డ ఆ దూరం దాటవలెనన్న లెక్కలు రావలెను.

అట్టి ఇంట పదవ తరగతి బాలుడొకడు ఒక వర్గ సమీకరణంతో కుస్తీ పడుచున్నాడనుకొందాము. భాస్కరాచార్యుడు తెలియని రాశిని 'యావత్తావత్' అన్నాడు గనుక మనమూ దానిని 'య' అందాము.

3య² + 11య + 5 = 0

మధ్యపదమును విడదీయుటకు లబ్ధం 15, మొత్తం 11 అగు రెండు పూర్ణసంఖ్యలు కావలెను. 1, 15 కలిపిన 16. 3, 5 కలిపిన 8. ఋణసంఖ్యలకు మొత్తమే ఋణం. గంట గడచినా జత దొరకదు. తనకు లెక్కలు రావని బాలుడు క్రుంగును. శ్రద్ధ లేదని పెద్దలు కోపింతురు. ఇరువురూ పొరబడినవారే.

15 బేసిసంఖ్య. లబ్ధం బేసి కావలెనన్న రెండు సంఖ్యలూ బేసులే కావలెను. రెండు బేసుల మొత్తం ఎన్నడూ సరిసంఖ్యయే. మనకు కావలసిన 11 బేసి! లేని జతను ఎంత వెదకినా ఏమి ఫలం? మూడు గుణకాలూ బేసిసంఖ్యలైన ఏ వర్గ సమీకరణానికైనా అకరణీయ మూలం ఉండదు.

నిరూపణ కూడా సులభమే. మూలం ప/క అనుకొందాము. ఉమ్మడి కారణాంకాలను ముందే కొట్టివేసితిమి గనుక ప, క రెండూ సరి కాజాలవు. అప్పుడు 3ప² + 11పక + 5క² = 0 కావలెను. ప, క రెండూ బేసులైన మూడు పదాలూ బేసులే. ఒకటి సరియైన ఒక్క పదమే బేసి. ఎట్లు చూచినా మొత్తం బేసి. సున్న సరిసంఖ్య గనుక ఇది అసంభవం. బేసిసంఖ్యలను బేసి లెక్కన కూడిన బేసియే వచ్చునని యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' 9వ భాగంలోనే నిరూపించినాడు.

అయితే ఒక హెచ్చరిక. మూలాలే లేవని దీని అర్థం కాదు. సూత్రం వేసిన (−11 ± √61)/6 అని వచ్చును. అవి కరణీయ సంఖ్యలు. ఇక ఘన సమీకరణాలకు ఈ నియమం చెల్లదు. య³ + య² + య + 1 = 0కు −1 మూలమే; నాలుగు బేసుల మొత్తం సరి కదా!

వర్క్‌షాపు సోదరులకు ఈ తర్కం కొత్త కాదు. ఇరుసుకు రెండేసి చక్రాలు. ఇరుసులకెక్కిన చక్రాలను ఎంచగా బేసి వచ్చినదన్న, పోయిన చక్రానికై వెదకరు. లెక్కనే మరల చూతురు. బిడ్డ పుస్తకం ముందు దిగులుగా కూర్చున్ననాడు "ఎందుకు రాలేదు?" అని గద్దించుటకు ముందు, "సరియా, బేసియా?" అని అడిగి చూడవలసినదిగా తల్లిదండ్రులను కోరుచున్నాము.