పెట్టెకు నంబరు, డాక్టరుకు పేరు

విశాఖ రేవుకు వచ్చిపోయే కంటెయినరు పెట్టెలను మీలో చాలామంది చూసే ఉంటారు. ఈసారి లారీ మీద ఒకటి కనిపిస్తే దాని వీపు చూడండి. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆరు అంకెలు, వాటి పక్కన విడిగా ఒక్క అంకె ఉంటాయి. ఆ చివరి అంకె కాపలాదారు. ముందున్న అక్షరాలనూ అంకెలనూ ఒక పద్ధతిలో గుణించి, కూడి, 11తో భాగించి దాన్ని రాబడతారు. గుమాస్తా 3కు బదులు 8 కొట్టాడనుకోండి, లెక్క కుదరదు. కంప్యూటరు ఆ నంబరును ఒప్పుకోదు.

ఆ రేవుకు కొద్ది దూరంలోనే, 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉంది. పక్కనే కింగ్ జార్జి ఆసుపత్రి. అక్కడి డాక్టరు ఒకరు ఒక జబ్బును గురించి కొత్త సంగతి కనిపెట్టి వైద్య పత్రికలో రాశారనుకుందాం. పత్రికకు గుర్తింపు ఉంటే, ఆ వ్యాసం వివరాలు అమెరికాలోని జాతీయ వైద్య గ్రంథాలయం పట్టీలో చేరతాయి. ఈ పట్టీకి 1879లో అచ్చుపుస్తకంగా పునాది పడింది. 1971లో ‘మెడ్‌లైన్’ పేరుతో కంప్యూటరులోకి వచ్చింది. 1997 నుంచి ‘పబ్‌మెడ్’ ద్వారా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఇప్పుడు అందులో 3.5 కోట్లకు పైగా వ్యాసాల చీటీలు ఉన్నాయి.

అన్ని చీటీలను మనిషి చదవలేడు. అందుకే ప్రోగ్రాము చేత చదివిస్తారు. బయోపైథాన్ అనే ఉచిత ప్రోగ్రాముల సంచిలో ఈ పనికే ఒక పనిముట్టు ఉంది. అది చేసేది మీరు తెలుగు క్లాసులో చేసే పనే. ‘రామాలయం’ ఇస్తే మీరు ‘రామ’, ‘ఆలయం’ అని విడదీయరూ? అలాగే ఇది చీటీని విడదీస్తుంది. చీటీలో ప్రతి అంశం ముందూ పొట్టి గుర్తు ఉంటుంది: శీర్షికకు టి.ఐ., రచయితకు ఎ.యు., చిరునామాకు ఎ.డి. గుర్తు లేకుండా ఆరు ఖాళీలతో మొదలైన పంక్తి పై పంక్తికి కొనసాగింపు. ఇంతే వ్యాకరణం. వేల చీటీలను క్షణాల్లో విడదీసి, రచయితలను ఒక చోట, శీర్షికలను మరో చోట పెట్టేస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పనిముట్టు విడదీస్తుందే గాని, అర్థం చేసుకోదు.

ఎ.యు. గుర్తు కింద పేరు రాసే పద్ధతి ఒకటుంది. ముందు ఇంటిపేరు పూర్తిగా, తర్వాత మిగిలిన పేరుకు పొడి అక్షరాలు. అది పాశ్చాత్యుల పేర్లకు కుట్టిన చొక్కా. మనం ఇంటిపేరును పొడి అక్షరం చేసి, అసలు పేరును పూర్తిగా రాస్తాం. కె. శ్రీనివాసరావు అని రాస్తే, ఒక పత్రికలో ‘శ్రీనివాసరావు కె’ అవుతాడు. రావును విడిగా రాస్తే ఇంకో పత్రికలో ‘రావు కె.ఎస్.’ అవుతాడు. ఒక మనిషి ఇద్దరయ్యాడు. ‘రావు కె.ఎస్.’ అనే చీటీ కింద చేరే వేరే వేరే మనుషులు ఎందరో! యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆయన పేరూ ఈ పద్ధతిలో ‘సుబ్బారో వై’ అవుతుంది. వంశం మొత్తం ఒక్క ‘వై’ కింద దాక్కుంది.

ఊరి పేరూ అంతే. ఇంగ్లీషులో విశాఖపట్నాన్ని ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ పెట్టి రాసేవారున్నారు, పెట్టకుండా రాసేవారున్నారు. కొందరికి వైజాగు. పాత చీటీల్లో వాల్తేరు. పైగా 1988కి ముందు చీటీల్లో చిరునామాయే రాసేవారు కాదు. ఆ తర్వాత కూడా 2014 దాకా మొదటి రచయిత చిరునామా ఒక్కటే.

ఏం కొంప మునిగింది అంటారా? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ల తరబడి మూత్రపిండాల జబ్బు జనాన్ని పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. రేపు మీలో ఒకరు దాని మీద పని మొదలుపెడితే, ముందుగా తెలుసుకోవలసింది ఏమిటి? ఇంతకుముందు దీన్ని ఎవరు చూశారు, వాళ్లు ఇంకేం రాశారు అని. ప్రోగ్రాము ఒక డాక్టరును ఇద్దరుగా చూపితే ఆయన పనిలో సగం మీకు కనిపించదు. ఇద్దరిని ఒకరుగా చూపితే సంబంధం లేని వ్యాసాలు చదువుతూ కూర్చుంటారు. చిత్రమేమంటే, జబ్బులకు ఈ ఇబ్బంది తక్కువ. ఒక జబ్బుకు పది పేర్లున్నా ఒకే స్థిరమైన విషయనామం కింద చేర్చే ఏర్పాటు 1960 నుంచీ ఉంది. జబ్బు మీద చూపిన ఈ శ్రద్ధ దాన్ని పరిశోధించిన మనిషి మీద చూపలేదు.

మరి పేరు మార్చుకోమంటారా అని అడుగుతారేమో. నేను అలా అనను. తాతముత్తాతల నుంచి వచ్చిన పేరును ఎవరి గడికో సరిపోయేట్టు నరుక్కోవడం నాకు ఇష్టం లేదు. మారవలసింది గడి. 2002 నుంచి పూర్తి పేరు రాసే వీలు వచ్చింది గాని, ఇంటిపేరు ఏదో తేల్చమనే పట్టు మాత్రం పోలేదు. 2012లో మొదలైన ‘ఆర్కిడ్’ అనే ఏర్పాటు నాకు మెరుగ్గా తోస్తుంది. పరిశోధకుడికి 16 స్థానాల నంబరు ఇస్తారు, ఉచితంగానే. అందులోనూ చివరిది కాపలా అంకె, సరిగ్గా మన రేవు పెట్టెకున్నట్టే! చీటీలో దానికీ చోటుంది. కాని పరిశోధకుడు నంబరు తీసుకుని, వ్యాసం పంపేటప్పుడు రాస్తేనే అది చీటీకి ఎక్కుతుంది. నంబరు లేని పాత వ్యాసాలను పోల్చుకోవడం ఆ ఊరు, ఆ మనుషులు తెలిసినవాళ్లే చేయగల పని. వాల్తేరూ వైజాగూ ఒకటేనని అమెరికాలో కూర్చున్న గుమాస్తా కంటే మీకే బాగా తెలుసు.

ఒక పని చేసి చూడండి. మీ క్లాసు హాజరు పట్టీలోని పేర్లన్నిటినీ ఆ పద్ధతిలో ఇంగ్లీషులో రాయండి: చివరి మాట పూర్తిగా, ముందున్నవాటికి ఒక్కొక్క అక్షరం. ఎంతమంది ఒకరిలో ఒకరు కలిసిపోయారో లెక్కపెట్టండి. తర్వాత ఆ కాగితాన్ని వేరే క్లాసువాళ్లకిచ్చి, ఎవరు ఎవరో చెప్పమనండి.