మన ఒంటికి ఎవరి సంతకం?



చాలా ఏళ్ల క్రిందటి సంగతి. తొడ ఎముక విరిగిన ఒక వృద్ధురాలిని ఎదురింటివారు ఆసుపత్రికి తీసుకువచ్చారు. ఆమె కుమారుడు అమెరికాలో ఉన్నాడు. ఫోనులో మాట్లాడుతూ, “డాక్టరు గారూ, మా బాబాయి వచ్చి సంతకం పెడతారు. మీరు ఆపరేషన్ కానివ్వండి. అమ్మకు మాత్రం ఏమీ చెప్పకండి, కంగారుపడుతుంది” అన్నాడు. బాబాయి వచ్చారు, సంతకం పెట్టారు. థియేటరు గుమ్మం దగ్గర ఆ తల్లి నా చేయి పట్టుకుని, “అందరినీ అడిగారు, నన్నెవరూ అడగలేదేం నాయనా?” అన్నది. ఆమెకు స్పృహ ఉంది, జ్ఞాపకం ఉంది, తెలివి ఉంది. స్ట్రెచర్ ఆపి, విషయమంతా వివరించి, ఆమె చేతనే సంతకం చేయించాం. పది నిమిషాలు పట్టింది. అలా నోరు తెరిచి అడగలేక లోపలికి వెళ్లిపోయినవారు అంతకుముందు ఎందరో ఉన్నారు. ఆ తప్పులో నాకూ భాగముంది.

ఒకరి తరఫున మరొకరు సంతకం చేయడానికి అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? ఇది వైద్యశాస్త్రపు ప్రశ్న కాదు, చట్టపు ప్రశ్న. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 182వ సెక్షన్ మొదలుకొని ఏజెన్సీ గురించి ఒక అధ్యాయం ఉంది. మరొకరి కోసం పని చేయడానికో, మూడో వ్యక్తితో వ్యవహారంలో వారికి ప్రతినిధిగా నిలవడానికో నియమితుడైనవాడు ఏజెంటు. ఎవరి తరఫున పని జరుగుతుందో వారు ప్రిన్సిపల్, అంటే యజమాని. ఆ అధికారం మాటతోనో వ్రాతతోనో ఇవ్వవచ్చు, పరిస్థితులను బట్టి ఇచ్చినట్లు భావించనూవచ్చు. ఏ విధంగానైనా దానికి మూలం యజమాని ఇష్టమే.

బందరువారికి ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో పెట్టిన వర్తక స్థావరాన్ని ‘ఫ్యాక్టరీ’ అనేవారు. కంపెనీ తరఫున బేరసారాలు నడిపే ఏజెంట్లే ‘ఫ్యాక్టర్లు’, వారుండే చోటు ఫ్యాక్టరీ. కంపెనీ ఇచ్చిన అధికారమే వారి బలం.

మరి బాబాయికి ఆ అధికారం ఎవరిచ్చారు? రక్తసంబంధం ఆప్యాయతనిస్తుంది, బాధ్యతనిస్తుంది. అధికారం మాత్రం దానంతట అది ఇవ్వదు. మా చిలకలపూడి గిల్టు నగ చూపుకు బంగారంలాగే ఉంటుంది. కానీ అది రోల్డ్‌గోల్డ్ అని దుకాణదారు ముందే చెప్పి అమ్ముతాడు. ఆసుపత్రి కాగితంపై బంధువు సంతకం విషయంలో ఆ పాటి నిజాయితీ కూడా మనం పాటించడం లేదు.

సుప్రీంకోర్టు 2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో ఈ విషయాన్ని తేల్చి చెప్పింది. రోగి 44 ఏళ్ల మహిళ. లాప్రోస్కోపీ పరీక్ష కోసం ఆమెకు మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగానే బయట ఉన్న తల్లి అంగీకారం తీసుకుని గర్భసంచిని, అండాశయాలను తొలగించారు. అప్పటికప్పుడు ప్రాణానికి ముప్పు లేదు. రోగి తెలివి గల వయోజనురాలు, కొద్దిసేపట్లో మెలకువ వస్తుంది. అటువంటప్పుడు తల్లి అంగీకారం చెల్లదని కోర్టు తీర్పు చెప్పింది. డాక్టరు మంచి ఉద్దేశంతో చేసినా ఫీజు కోల్పోయారు, 25,000 రూపాయల పరిహారమూ చెల్లించవలసి వచ్చింది.

“అత్యవసరమైతే ఎలా?” అని మీరు అడగవచ్చు. అత్యవసర స్థితిలో యజమానిని నష్టం నుంచి కాపాడేందుకు, వివేకం గల మనిషి తన విషయంలో చేసుకునే పనులన్నీ చేసే అధికారాన్ని ఏజెంటుకు 189వ సెక్షన్ ఇస్తున్నది. వైద్యంలోనూ స్పృహ లేని రోగి ప్రాణం కాపాడడానికి సంతకం కోసం ఆగనక్కరలేదు. భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ సద్బుద్ధితో చేసిన అటువంటి చికిత్సకు రక్షణ కల్పిస్తున్నది. ప్రాణాపాయంలో ఉన్నవారికి వెంటనే చికిత్స చేయడం ప్రతి డాక్టరు విధి అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కాబట్టి గుండెపోటో, పక్షవాతమో వస్తే బంధువుల కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోకండి.

ఇక పిల్లలు విదేశాలలో ఉన్న కుటుంబాలకు ఒక హెచ్చరిక. గుడివాడ మొదలు దివిసీమ దాకా ఇటువంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. “మా అబ్బాయికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి ఇచ్చాను, ఇక దిగులు లేదు” అని చాలామంది పెద్దలు అంటుంటారు. 201వ సెక్షన్ ప్రకారం యజమాని మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఏజెన్సీ ముగుస్తుంది. అంటే మతిమరుపు వ్యాధి ముదిరి తండ్రి ఏమీ గ్రహించలేని స్థితికి చేరినప్పుడు, సరిగ్గా అవసరమైన ఆ సమయంలోనే, ఆ కాగితం బలం పోతుంది. తండ్రి ఆస్తి వ్యవహారాల కోసం పిల్లలు కోర్టు ద్వారా సంరక్షకునిగా నియామకం పొందవలసి వస్తుంది. ఆస్తి కోసం వ్రాసిన ఆ పత్రాన్ని చికిత్సకు కూడా సరిపోతుందనుకోవడం మరో పొరపాటు.

అందుకే నా సలహాలు ఇవి.

1. రోగి తెలివిగా ఉన్నంతవరకు సంతకం రోగిదే. పెద్దలకు రోగం పేరు దాచడం ప్రేమ అనుకుంటాం గాని, అది వారి నిర్ణయాన్ని లాక్కోవడమే. గర్భవిచ్ఛిత్తి విషయంలోనూ 1971 చట్టం వయోజనురాలైన స్త్రీ అంగీకారాన్నే అడుగుతుంది, భర్త సంతకాన్ని కాదు.

2. కోలుకునే ఆశ లేని స్థితిలో ఎంతవరకు చికిత్స కావాలో ముందే వ్రాసిపెట్టండి. ఈ ముందస్తు వైద్య ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ తీసుకుంటే చాలు. మీ తరఫున నిర్ణయించవలసినవారి పేర్లు అందులో ఉండాలి.

3. మానసిక వ్యాధుల చికిత్సకు 2017 చట్టం ప్రకారం తెల్లకాగితంపై సంతకంతోనో వేలిముద్రతోనో ప్రతినిధిని నియమించుకోవచ్చు.

4. ఆ పేర్లు గలవారికి మీ కోరికలు నోటితో కూడా చెప్పండి. యజమాని మనసు తెలియని ఏజెంటు ఊహతో సంతకం పెడతాడు.

ఈ ఆదివారం పిల్లలు వీడియో కాల్ చేసినప్పుడు వాతావరణం, వంటల కబుర్లు అయ్యాక ఈ మాట ఎత్తండి. మొదట వారు “ఇప్పుడెందుకు నాన్నా ఈ మాటలు?” అంటారు. ఇప్పుడే ఎందుకంటే, ఇప్పుడు మీరు చెప్పగలరు.