కోళ్ళ మేతలో కొలిస్టిన్

మాస్టారు బోర్డు మీద ప్లాస్మిడ్‌ని సున్నాలా గీస్తే మనం పరీక్షకి బట్టీపట్టి వదిలేశాం. 2015లో చైనా పందుల్లోని ఇ.కోలిలో బయటపడ్డ ఎం.సి.ఆర్-1 జీను ఉన్నది అలాంటి సున్నా మీదనే! పక్క బాక్టీరియాకి, జాతి వేరైనా సరే, చేబదులిచ్చినట్టు అందిపోతుంది. ఇక దానిమీద కొలిస్టిన్ సరిగా పనిచెయ్యదు. మిగతా మందులకి లొంగని జబ్బుకి డాక్టరు చివరగా ఎక్కించేది ఆ కొలిస్టినే కదా! దాన్ని మనం జబ్బులేని కోళ్ళకి, త్వరగా బరువెక్కాలని, మేతలో కలిపాం. 2019 జూలైలో కేంద్రం నిషేధించింది, ఆలస్యమైనా మంచిపనే.

తప్పంతా రైతుదేనంటే నేనొప్పుకోను. కాంట్రాక్టు ఫారంలో పిల్లా, మేతా కంపెనీవే. బస్తాలో ఏముందో అతనికెవరు చెప్పారు? వెటర్నరీ డాక్టరు చీటీ లేకుండా ఏ యాంటీబయాటిక్కూ ఫారం గేటు దాటకూడదంటాను. కోడి ధర పెరుగుతుందంటారా? పెరగనీండి.